వంతెన దగ్గర ఆపాలి

జూన్ 3, సోమవారం

కొత్త బ్యాచ్ వచ్చింది. అందరూ సోషల్ టీచర్లే, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరు లెక్కల మాస్టారు. వాళ్ళ స్కూల్లో సోషల్ టీచరు సెలవులో ఉందట, ఎవరో ఒకరు వెళ్ళాలి కాబట్టి ఈయన్ని పంపేశారట. జాతి నిర్మూలన చరిత్ర పిల్లలకు ఎలా చెప్పాలో నేర్పే ట్రైనింగుకి లెక్కల మాస్టారు! ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. ఆ హెడ్మాస్టరు వాడి వంశమే అయ్యుంటాడు.

మొదటిరోజు ఎప్పుడూ చెప్పేవే చెప్పాను. చచ్చిపోయినవాళ్ళ సంఖ్యతో పాఠం మొదలుపెట్టొద్దు, ఒక మనిషితో మొదలుపెట్టండి. కొంతమంది పిల్లల్ని చంపేవాళ్ళుగా, కొంతమందిని చచ్చేవాళ్ళుగా నిలబెట్టి నాటకాలు వేయించొద్దు. పిల్లలకు వినిపించే సాక్షి రికార్డింగ్‌ని, అందులో వంతెన రాగానే, అక్కడే ఆపాలి. పిల్లల్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళిన మనమే చెయ్యి పట్టుకుని బయటికి తీసుకురావాలి.

లెక్కల మాస్టారు అన్నీ బుద్ధిగా రాసుకున్నాడు. అంకెలు చెప్పొద్దన్నప్పుడు మాత్రం మొహం చిన్నబోయింది.

జూన్ 4, మంగళవారం

రికార్డింగ్ వినిపించాను. "మా వీధిలో అందరికంటే ముందు లేచేది మా నాన్నే" అని మొదలవుతుంది. అది అమ్మ గొంతు. ఆ సంగతి టీచర్లకు చెప్పను. వాళ్ళకు ఆమె "సాక్షి".

అమ్మ చిన్నప్పుడు ఒకరోజు క్లాసులో టీచరు హాజరు పిలుస్తూ అమ్మ పేరు దాటేసింది. మర్నాడూ అంతే. మరిచిపోయిందేమో అనుకుని అమ్మే లేచి, "నేనున్నానండీ" అంది. టీచరు కిటికీలోంచి బయటికి చూసింది. ఇక్కడికి వచ్చేసరికి ప్రతి బ్యాచూ తల దించుకుంటుంది. రోజూ పొద్దున్నే హాజరు పిలిచేవాళ్ళే కదా అందరూ. తర్వాత ఇరుగుపొరుగు పలకరించడం మానేస్తారు. ఒక తెల్లవారుజామున ఆ వీధిలో అమ్మలాంటివాళ్ళందరినీ బయటికి లాగి నడిపిస్తారు. "వంతెన దగ్గరికొచ్చాం" అంటుంది అమ్మ. అక్కడ ఆపేశాను.

అదే రోజు, సాయంత్రం

వంతెన దాటాక అమ్మ ఏం చెప్పిందో నేనూ వినలేదు.

బతికుండగా మాకు ఒక్క ముక్క చెప్పలేదు. అడిగితే ఏదో ఒక పని పురమాయించేది. ఇలా రికార్డింగ్ ఒకటుందని ఆమె పోయాకే తెలిసింది. వాడుకోవచ్చా అని ఈ ట్రైనింగ్ సెంటరు వాళ్ళు ఫోన్ చేశారు. పర్మిషన్ ఇవ్వడానికి వచ్చి ఉద్యోగంలో చేరిపోయాను. కొరివితో తల గోక్కున్నట్టుంది అంటాడు తమ్ముడు. వాడు మొదటి మాట కూడా వినలేదు.

నాకు చెప్పనిది పరాయివాళ్ళకి చెప్పింది. ఆ కోపం ఉంది. వంతెన దగ్గర ఆపాలన్న రూలు పిల్లల కోసం పెట్టింది, నిజమే. గదిలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు నాకెందుకు? వంతెన అవతల ఏం జరిగిందో పుస్తకాల్లో ఉంది, చదివాను. నాకు కావలసింది అది కాదు. అంతసేపు మాట్లాడింది కదా, అందులో నా ఊసు ఒక్కసారైనా వచ్చిందా? చివరిదాకా విని, రాలేదని తెలిస్తే ఏం చెయ్యను? విననంతకాలం వచ్చే ఉంటుందని అనుకోవచ్చు.

జూన్ 5, బుధవారం

వాన. ప్రొజెక్టర్ చచ్చింది. అమ్మ గుర్తొచ్చింది. రెండింటికీ సంబంధం లేదు.

జూన్ 6, గురువారం

ఇవాళ ప్రాక్టీస్ పాఠాలు. లెక్కల మాస్టారి వంతు వచ్చింది. నిజం చెప్పాలంటే బాగానే మొదలుపెట్టాడు. రికార్డింగ్ పెట్టి, మిషను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వంతెన వచ్చింది. ఆయన కదల్లేదు. సైగ చేశాను. చూసి కూడా తల తిప్పుకున్నాడు. అమ్మ ఆగకుండా చెప్పుకుపోతోంది. "మా చెల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది" అంది.

అమ్మకి చెల్లెలున్నట్టు నాకు తెలియదు.

లేచి బయటికి వచ్చేశాను. కారిడార్లో గ్లాసులో నీళ్ళు పట్టడం, పారబొయ్యడం. తలుపు వెనక గొంతు వినిపిస్తోంది గానీ మాటలు తెలియడం లేదు. ఒకసారి లోపల అందరూ నవ్వారు. వంతెన అవతలికి వెళ్ళి కూడా జనాన్ని నవ్వించింది అమ్మ!

క్లాసు అయ్యాక ఆయన్ని ఆపి దులిపేశాను. తల వంచుకుని అన్నీ విన్నాడు. విని, "ఆవిడ మాట్లాడుతున్నారండీ. మధ్యలో నోరెలా నొక్కమంటారు?" అన్నాడు.

అది మిషను అన్నాను. మిషనేనని ఒప్పుకున్నాడు గానీ, మాట్లాడేది ఆవిడ కదా అన్నాడు.

"ఆవిడ మా అమ్మ" అన్నాను. ఈ సెంటర్లో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

ఆయన పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మీరు చివరిదాకా వినలేదా అని అడిగాడు. లేదన్నాను. రికార్డింగ్‌లో ఇంకా ఏముందో ఆయన చెప్పలేదు.

"మనం ఆపక్కర్లేదు మేడమ్. చివర్లో ఆవిడే ఆపేస్తారు" అన్నాడు.

జూన్ 7, శుక్రవారం

బ్యాచ్ వెళ్ళిపోయింది. తమ్ముడికి ఫోన్ చేసి, ఆదివారం వచ్చి నా పక్కన కూర్చో, ఇద్దరం కలిసి విందాం అన్నాను. తనవల్ల కాదన్నాడు. మనకో పిన్ని ఉండేదట్రా అన్నాను. అమ్మకంటే చిన్నదా అని అడిగాడు. పిన్ని అంటే చిన్నదే కదరా వెర్రినాగన్నా అన్నాను. ఇద్దరం ఏడ్చాం.

జూన్ 9, ఆదివారం

విన్నాను. ట్రైనింగ్ గదిలో తలుపు వేసుకుని, ఒక్కదాన్నే.

వంతెన మీద జరిగింది ఇక్కడ రాయను. పిన్ని చెయ్యి జారిపోయింది, అంతవరకే రాస్తాను.

వాళ్ళు నవ్వింది ఎక్కడో తెలిసింది. అమ్మ ఎవరిదో అటకమీద దాక్కుంది. ఏడుపు బయటికి రాకుండా మనసులో ఎక్కాలు చదువుకుంది. పదమూడో ఎక్కం దగ్గర చిక్కుకుపోయింది. అది గుర్తు తెచ్చుకునేసరికి తెల్లారిపోయిందట. "ఆ ఎక్కం వచ్చి ఉంటే ఏడ్చేసేదాన్ని, దొరికిపోయేదాన్ని" అంటుంది. చిన్నప్పుడు పదమూడో ఎక్కం తప్పు చెబితే అమ్మ నన్నెప్పుడూ తిట్టలేదు.

తర్వాత ఏమైందని అడిగారు రికార్డు చేస్తున్నవాళ్ళు.

"ఇంక ఆపండి. మా అమ్మాయి బడి నుంచి వచ్చే వేళయింది."

కుర్చీ జరిపిన చప్పుడు. మిషను ఆపడం మరిచిపోయినట్టున్నారు. తలుపు తీసిన చప్పుడు. ఆ తర్వాత చిన్నపిల్ల గొంతు, పరిగెత్తి వచ్చి రొప్పుతోంది. ఎవరు వీళ్ళు అని అడుగుతోంది. ఆ పిల్లని నేనే.

"ఎవరూ కాదమ్మా. చేతులు కడుక్కుని రా."

అక్కడితో అయిపోయింది.

నా ఊసు వచ్చింది. నేనే వచ్చాను. అయినా ఆ పిల్ల మీద కుళ్ళుగా ఉంది. దానికి గుమ్మంలో అమ్మ ఉంది.

జూన్ 10, సోమవారం

ఇంటికి రాగానే, అమ్మ చెప్పినట్టు చేతులు కడుక్కున్నాను.