చూలి ఆవుకు ఎముకల పొడి

గుఢియారీ, రాయపూర్
12-8-68

అమ్మకు భ్రమరాంబ నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా.

తెలగపిండి దొరక్క పత్తిచెక్క పెడుతున్నానని, చూలి ఆవు గోడ నాకుతోందని రాశావు. దిష్టి అనుకోకు. అవిసెచెక్క తినే మా ఆవు అత్తయ్యగారి మడిచీర నమిలేసింది! పశువుల డాక్టరు చూసి, "చెక్కలో బలముంది మాతాజీ, ఎముకకు పట్టే ఖనిజాలే చాలవు. హడ్డీ కా చూరా కలపండి" అన్నాడు. ఆవుకు ఎముకల పొడా అని అత్తయ్యగారు చెవులు మూసుకున్నారు. మర్నాడు పొద్దున చూస్తే ఆవిడే కుడితిలో కలుపుతున్నారు! "నా మడిదేముందే, స్నానం చేస్తే వస్తుంది. దీని ఎముకలు అట్లా రావుగా" అన్నారు.

నాన్న దగ్గు తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తుంటే వడియాలు పంపు. తమ్ముడికి దీవెనలు. నువ్వూ అక్కడి డాక్టరును అడిగి, స్నానానికి ముందే కలుపు.

నీ భ్రమర