మల్లి కంట్లో నానో

గరిడేపల్లి

కోదాడ పశువుల డాక్టరు అరుణకుమారమ్మకు మత్తయ్య దండాలు.

ఫోన్లో సగం చెప్పి సగం మింగుతానని, కాగితం మీద రాసి పాల వ్యానులో పంపమన్నారు కదా, రాస్తున్నాను. గడ్డిపరక గీసుకుని మా బర్రె మల్లికి కంట్లో పువ్వు పడింది. మీరిచ్చిన నానో చుక్కల్లో మందు కంటికి కనిపించనంత చిన్న కణాలుగా ఉంటుందని, గాయాన్ని పట్టుకుని మాన్పుతుందని చెప్పారు. మా ఇంటిది దేవమ్మ సీసాను ఎండకు పట్టి చూసి, “గిండ్ల ఏం లేదు, ఉత్త నీళ్లే” అంది. అయినా పూటపూటా వేస్తోంది. ఎరుపు తగ్గింది. మల్లి ఈ నెలలోనే ఈనుతుంది. ఒంటికన్నుతో దూడను ఎట్లా చూసుకుంటుందోనని మాకు నిద్ర లేదు.

ఇట్లు,
మత్తయ్య

తా.క. ఎరువుల దుకాణంలో పెద్ద నానో సీసా తెచ్చాను. నిన్న నీళ్లలో కలిపి పంపుతో కొట్టాను.

కోదాడ

మత్తయ్య గారికి నమస్కారం.

మీ తా.క. చదివి టీ గ్లాసు పక్కన పెట్టేశాను. దుకాణంలో నానో అని అమ్మేది యూరియా ఎరువు. దాన్ని కంట్లో పంపుతో కొట్టడమేమిటి? ఆ నానో తక్షణం ఆపండి. కన్ను మంచినీళ్లతో కడుగుతూనే ఉండండి.

కంగారుతో,
అరుణకుమారి

తా.క. ఇది దేవమ్మ గారికి చదివి వినిపించండి.

గరిడేపల్లి

డాక్టరమ్మకు దండాలు.

యూరియా కొట్టింది వరికి, మల్లికి కాదు. కానీ మీ ఉత్తరం వినగానే దేవమ్మ, “డాక్టరమ్మనే నానో ఆపుమన్నది. ఇగ నువ్వు సీసా ముట్టకు” అని చుక్కల మందును బియ్యం డబ్బాలో దాచింది. కన్ను మాత్రం కడుగుతూనే ఉన్నాం. చెంబు చూస్తే చాలు, మల్లి తాడు తెంపుకుంటోంది. కంటి నుంచి మళ్లీ నీరు కారుతోంది. వెయ్యాలో ఆపాలో తేల్చండి.

పరేషాన్‌లో ఉన్న
మత్తయ్య

తా.క. వరికి కొట్టడం కూడా ఆపేశాను. పొలాన్ని కూడా కడగాలా?

కోదాడ

మత్తయ్య గారికి,

తప్పు నాదే, వరి సంగతి తట్టలేదు. కడగడం ఆపి, చుక్కలు మళ్లీ మొదలుపెట్టండి. ఆ కన్ను చూడనిదే నాకు మనసు కుదుటపడదు. సాయంత్రం డ్యూటీ కాగానే వస్తున్నాను.

అరుణకుమారి

తా.క. పొలాన్ని కడగవద్దు.

గరిడేపల్లి

డాక్టరమ్మకు వెయ్యి దండాలు.

మీరు చూసి వెళ్లాక దేవమ్మ ఒక్క పూట తప్పలేదు. పువ్వు కరిగింది. అంచున చిన్న మచ్చ తప్ప కన్ను తేటబడింది. పోయిన వారం మల్లి ఈనింది. ఆడదూడ. దాన్ని నాకుతూ రెండు కళ్లతో చూస్తుంటే దేవమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

అయితే ఒక చిక్కు. మందు వేసిన చెయ్యి దేవమ్మదే అయినా, తల వంచి పట్టుకున్నవాణ్ని నేను. చూపు రాగానే మల్లి పగ నా మీద పెట్టుకుంది. ఈ పూట దేవమ్మ నిడమనూరు వెళితే, ఆమె చీర కప్పుకుని పాలు పితకబోయాను. మొదటి తన్నుకు చెంబు పోయింది, రెండో తన్నుకు నేను పోయాను. దేవమ్మకు ఫోన్ చేసి చెబితే, “అయితే సూపు మంచిగనే వచ్చింది” అని సంబరపడింది.

నడుం పట్టుకుని రాస్తున్న
మత్తయ్య

తా.క. పాలు పితికేంతసేపు దానికి జర మసకగా కనిపించే చుక్కలేమైనా ఉంటే పంపండి. నానో కాకపోయినా సరే.