భోంచేశారా అని అడిగిన మెయిల్

అత్తయ్యగారూ,

మీరు పోయాక ఏడాదికి మన పచ్చళ్ల కొట్టుకు వెబ్‌సైట్ పెట్టాం. అందులో చేరినవాళ్లకు స్వాగతం చెబుతూ మెయిల్ రాసే పని మీ అబ్బాయి నాకప్పగించారు. ఏం రాయాలో తోచక, కొట్టుకొచ్చినవాళ్లను మీరు పలకరించినట్టే "రండి రండి, భోంచేశారా?" అని రాశాను.

అందరూ జవాబిచ్చారు! ఒకాయన పప్పుచారు, వడియాలన్నాడు. చల్లపల్లి టీచరుగారైతే "ఇవాళ ఉపవాసమండీ, ఏమనుకోకండి" అని రాశారు. "మరి ఆర్డర్లేవీ?" అని మీ అబ్బాయి తల పట్టుకున్నారు.

నిన్న మైలవరం నుంచి ఒకావిడ "తిన్నానండీ. మీ అత్తగారు బాగున్నారా?" అని రాసింది. "ఆవిడ పోయారండీ. ఆ పలకరింపు ఆవిడదే" అని పంపాను.

వెంటనే రెండు కిలోల మాగాయకు ఆర్డరొచ్చింది. మొదటి ఆర్డరని మీ అబ్బాయి గంతులేశారు. నేను మాత్రం కాసేపు జాడీల గదిలో నిలబడ్డాను.