ఈవర్ మీద కట్టిన పాట

తిమింగలాల వేట స్టేషన్, దక్షిణ జార్జియా
నవంబరు

నా బంగారు డోలీనాకి,

ముందే చెప్పేస్తున్నాను, బతికే ఉన్నాను, వేళ్ళు పదీ ఉన్నాయి. కాబట్టి కంగారు పడకుండా నిదానంగా చదువుకో. ఇక్కడ దీన్ని వేసవి అంటారు. మంచు పైనుంచి కాదు, పక్కనుంచి కొడుతోంది. తిమింగలం నూనె వాసన నా గడ్డంలోకీ, తినే రొట్టెలోకీ, చివరికి కలల్లోకీ ఎక్కింది. మొన్న కల్లో నువ్వు కూడా అదే వాసన కొట్టావు. నీ తప్పేం లేదులే.

మనూరి కాలమ్ నా పక్క మంచం మీదే పడుకుంటాడు. వాళ్ళమ్మ రాసిన ఉత్తరం చదివి వినిపించాడు. మన దీవిలో ఉజ్జీవం మొదలైందటగా! జనం మందిరంలో పట్టక రోడ్డు మీదే మోకరిస్తున్నారట. పక్కూళ్ళో ఇద్దరు కుర్రాళ్ళకి దేవుడి చింత పట్టి, ఇక నుంచి పాటలూ ఆటలూ వద్దని తాము వాయించే మెలోడియన్ పెట్టెలు తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టేశారట. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు ముద్ద దిగడం లేదు.

డోలీ, నా మెలోడియన్ జాగ్రత్త. పోయినేడు ఇక్కడికి తెస్తే ఉప్పుగాలికి లోపలి రేకులు తుప్పు పట్టాయని ఈసారి ఇంట్లో వదిలి వచ్చాను. నీకూ చింత పడితే పట్టనీ, అడ్డు చెప్పను. కానీ ముందు నాకో మాట రాయి. నేను ఇంటికొచ్చేసరికి నువ్వు సంఘపెద్దలాగా నా వైపు చూసి నిట్టూరుస్తూ నిలబడితే, నేను గడప దగ్గరే కూలబడతాను.

పొరుగు ఈవర్ ఇంకా మొహం తిప్పుకునే పోతున్నాడా? పొయ్యిలోకి పీట్ మట్టి కోసుకునే గట్టు మీద హద్దు దాటి మన వైపు కోసింది వాడు. నేనేం చేశాను? పాట కట్టానంతే. పొగగొట్టంలోంచి పోయే పొగని కూడా లెక్క అడిగి వెనక్కి పిలిచే ఈవర్ అని పెళ్ళిలో పాడితే ఊరంతా పడీపడీ నవ్వింది. పాట అంత బాగా కుదరడం కూడా నా తప్పేనా? ఇక్కడి నార్వేవాళ్ళు అర్థం తెలియకపోయినా ఆ బాణీని ఈల వేస్తూ తిరుగుతున్నారు.

నూనె వాసనతోనూ బోలెడంత ప్రేమతోనూ,
నీ టోర్మోద్

*

గారస్టా, లూయిస్ ద్వీపం
జనవరి

ప్రియమైన టోర్మోద్,

నీ ఉత్తరం అందింది. వేళ్ళు లెక్కపెట్టి రాసినందుకు సంతోషం.

ఈ కొత్త సంవత్సరానికి ఊళ్ళో డాన్స్ లేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరికీ దాని ధ్యాసే రాలేదు. అందరూ మందిరంలోనే ఉన్నారు. కాలమ్ వాళ్ళమ్మ రాసింది నిజమే. వారం పొడుగునా కూటాలు. ప్రసంగం అయిపోయి జనాన్ని ఇళ్ళకి పొమ్మన్నా పోవడం లేదు. చేపల పడవవాళ్ళు, నోట్లోంచి బూతు తప్ప మాట రాని వాళ్ళు, చిన్నపిల్లల్లా వెక్కి వెక్కి ఏడుస్తున్నారు.

ఈవర్ భార్య పెగీకి కూడా చింత పట్టింది. పెద్దల ముందు నిలబడి సాక్ష్యం చెప్పింది, రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి కూడా వెళ్ళింది. మనూళ్ళో బల్ల దగ్గరికి వెళ్ళడమంటే నీకు తెలుసుగా. జీవితమంతా బైబిలు వదలని ముసలమ్మలే తమకి అర్హత లేదని వెనక బెంచీల్లో ఉండిపోతారు. అలాంటిది పెగీ వెళ్ళింది.

ఉజ్జీవం అంటే ఏమిటి, ఈ ఏడుపేనా అని సంఘపెద్ద ఫిన్లే తాతని అడిగాను. ఆయన నవ్వాడు. "నువ్వు పడుకునే ముందు పొయ్యిలో ఏం చేస్తావే?" అన్నాడు. నిప్పుల మీద బూడిద కప్పుతానన్నాను. "పొద్దున్న?" బూడిద తీసి ఊదుతానన్నాను. "అంతే. ఎక్కడినుంచో కొత్త నిప్పు తేవడం కాదు. సంఘం కూడా పొయ్యిలాంటిదే. ఊదకుండా వదిలేస్తే లోపల నిప్పుందన్న సంగతే మర్చిపోతాం. అప్పుడు ఆదివారం మందిరానికెళ్ళడం, వచ్చి బంగాళాదుంపలు తినడం, అంతే మిగులుతుంది" అన్నాడు.

నేనూ రోజూ వెళ్తున్నాను. దాని గురించి ఇంతకన్నా ఏం రాయాలో తెలియడం లేదు. మేజోళ్ళు పంపుతున్నాను, తడిసినవి మార్చుకో.

నీ డోలీనా

*

దక్షిణ జార్జియా
ఫిబ్రవరి

డోలీనా,

నీ ఉత్తరం అటూ ఇటూ తిప్పి చదివాను. వెనక వైపు ఏమన్నా రాశావేమోనని కూడా చూశాను. నా మెలోడియన్ గురించి ఒక్క ముక్క లేదు!

సరే, రాయడం మర్చిపోయిందిలే అనుకున్నాను. ఈలోపు కాలమ్‌కి ఇంకో ఉత్తరం వచ్చింది. డోలీనా ఆ పెట్టెని శాలువాలో చుట్టి చంకన పెట్టుకుని, తల వంచుకుని, మందిరం దారి పట్టి పోతుంటే వాళ్ళమ్మ కిటికీలోంచి చూసిందట. తిరిగి వచ్చేటప్పుడు చంకలో శాలువా మాత్రమే ఉందట. "అయిపోయిందిరా టోర్మోద్, మీ ఆవిడ బూడిద చేసేసింది" అని గదిలో అందరూ నా భుజం తట్టారు. ఒకడైతే టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు, వెధవ.

కాల్చావా? కాల్చావనే చెప్పు. లేదా, లేదని చెప్పు. ఏదైనా సరే తెలిస్తే చాలు. తెలియకుండా ఉండడమే నా ప్రాణం తీస్తోంది.

ఇక్కడ కొత్త విశేషం లేదు. ఆదివారం మన దీవివాళ్ళంతా గదిలో చేరి కీర్తనలు పాడుకుంటున్నారు. ఒక్కో చరణం ఒకడు ముందు ఎత్తాలిగా, వేరే గొంతు దొరకలేదని నన్ను లాగి నిలబెట్టారు. నన్ను! నవ్వుకో.

టోర్మోద్

*

గారస్టా
మార్చి

టోర్మోద్,

నీ పెట్టె కాలలేదు. చల్లారావా?

ఇంటికప్పు ఆ మూల కారుతోంది. గోడంతా చెమ్మ. మెలోడియన్ పాడైపోతుందని ఫిన్లే తాత ఇంటి అటక మీద దాచాను. "సంఘపెద్ద ఇంట్లో ఎలుక కూడా దీన్ని వెతకదు" అని ఆయనే నవ్వుతూ పైకెక్కించాడు. వానలో దాన్ని మోసుకెళ్ళింది నేను. తడవకుండా నా శాలువా చుట్టింది నేను. నువ్వేమో అక్కడ కూర్చుని దానికి దినం పెట్టావు.

రెండు ఉత్తరాలు రాశావు. రెండిట్లోనూ పెట్టె ఎలా ఉందనే. డోలీనా ఎలా ఉందని ఒక్కసారైనా అడిగావా?

అడగలేదు కాబట్టి నేనే చెప్తాను. బాగాలేను. చలికాలమంతా ఒక్క కూటం తప్పకుండా వెళ్ళాను. నా ముందు బెంచీలో ఏడుపు, వెనక బెంచీలో ఏడుపు. నా కళ్ళు మాత్రం ఎండిపోయాయి. ప్రార్థన చేస్తే గోడతో మాట్లాడినట్టుంది. ఊరందరి పొయ్యిలోనూ నిప్పు రాజుకుంటే నా దాంట్లో బూడిద తప్ప ఏమీ లేదేమోనని భయమేస్తోంది. దేవుడు ఊళ్ళోకి వచ్చి అన్ని తలుపులూ తట్టి, నా తలుపు దాటి వెళ్ళిపోయాడా? ఈ మాట పాస్టరుగారితో అనలేను. నీతో కాకపోతే ఎవరితో అనను?

ఇంకో సంగతి. పెగీ బల్ల దగ్గర కూర్చుని ఆ రొట్టె తిన్నది కదా, బావి దగ్గర ఎదురైతే ఇప్పటికీ నా మొహం చూడదు. ఇదేం ఉజ్జీవమో నాకర్థం కాలేదు. ఆ కన్నీళ్ళు నాకొద్దనీ అనిపిస్తుంది, నాకెందుకు రావనీ అనిపిస్తుంది.

కొట్టంలో పీట్ అడుగంటింది. కోత నెల దగ్గర పడుతోంది. కోసేవాడొకడు, అందుకుని విసిరేవాడొకడు లేకపోతే గట్టు కదలదని నీకు చెప్పక్కర్లేదు. ఇన్నేళ్ళూ నువ్వూ ఈవరూ కలిసి రెండు గట్లూ కోసేవాళ్ళు. నీ పాట తర్వాత మన గట్టు వైపు ఎవరూ రావడం లేదు. ఈవర్‌కి భయపడి కాదు, మధ్యలో ఎందుకులే అని. పోయినేడు నువ్వు ఒక్కడివే సగం కోశావు. నువ్వొచ్చేసరికి ఈ ఏటి కోత రోజులు దాటిపోతాయి. వచ్చే చలికాలం పొయ్యిలో ఏం పెట్టను, నీ పాట పెట్టనా?

డోలీనా

*

ఓడ మీంచి
ఏప్రిల్

నా ప్రియమైన డోలీకి,

ఇంటిదారి పట్టాం. దారిలో ఆగే మొదటి రేవులో దీన్ని విమానం టపాలో వేస్తాను, నాకన్నా ముందు చేరాలి.

నువ్వు తిట్టిన ప్రతి తిట్టుకీ తగినవాణ్ణే. పెట్టె గురించే అడిగాను. నీ గురించి అడగడానికి భయమేసింది. ఎందుకో చెప్తాను, నవ్వకు.

ఆదివారాలు నన్ను కీర్తన ఎత్తమన్నారని రాశానుగా. మొదట్లో వేళాకోళంగానే ఎత్తాను. ఒక ఆదివారం నాలుకతో పొరుగువాణ్ణి నిందించకూడదన్న చరణం వచ్చింది. ఎత్తబోయాను. పెళ్ళి పందిట్లో ఊరంతా పగలబడి నవ్వుతుంటే, చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డ ఈవర్ మొహం కనబడింది. వాడు కోసింది రెండు బారల మట్టి. నేను తీసింది వాడి పరువు. అందరూ నేను ఎత్తుతానని ఎదురు చూస్తున్నారు, నేను ఏడుస్తున్నాను. కాలమ్ లేచి మిగతా చరణం ఎత్తాడు.

నాకు చింత పట్టింది డోలీ. నాకు! ఊళ్ళో వినేవాళ్ళెవరూ నమ్మరు. నువ్వు నవ్వుతావని భయం, కొత్త సంవత్సరం డాన్స్‌లో వాయించే మొగుడే నీక్కావాలేమోనని ఇంకో భయం. నువ్వు పెట్టె కాల్చేశావని విన్నప్పుడు పైకి అరిచాను గానీ, లోపల్లోపల హమ్మయ్య అనుకున్నాను. ఆ పని నా చేత్తో చేయక్కర్లేదనుకున్నాను. కాలలేదని నువ్వు రాశాక ఆ పీడ మళ్ళీ మొదటికొచ్చింది. ఇంటికి రాగానే నేనే పొయ్యిలో పెడతాను. ఈవర్‌కి కూడా ఇదే టపాలో ఉత్తరం వేస్తున్నాను, క్షమించమని, పెట్టె ఏం చేయబోతున్నానో కూడా చెప్పి.

ఇక నీ సంగతి. నీ పొయ్యిలో బూడిదేనన్నావు. మరి చలికాలమంతా వానలో ఆ బెంచీ దాకా నిన్ను నడిపించింది ఏమిటే? ఉత్త బూడిద లేచి మందిరానికి వెళ్తుందా? ఫిన్లే తాత చెప్పింది నాకు రాసిందానివి నువ్వే, మళ్ళీ నువ్వే మర్చిపోయావు.

పీట్ సంగతి నేనొచ్చాక చూద్దాం. లేదంటే తలుపులు విరిచి కాల్చుకుందాం. నీ పక్కన కూర్చుంటే చాలు.

నీ టోర్మోద్

*

గారస్టా
మే

నా టోర్మోద్‌కి,

ఆగు! ఏ పొయ్యి జోలికీ వెళ్ళకు. లీత్ రేవులో దిగగానే నీకు ఇది అందాలని అక్కడి మీ వేట కంపెనీ ఆఫీసుకి రాస్తున్నాను. ముందు ఎక్కడన్నా కూర్చో.

మన గట్టు కోయడం అయిపోయింది. మొత్తం!

ఎవరినీ అడగకూడదని పంతం పట్టి ఒక్కదాన్నే కోతపార పట్టుకుని బీడులోకి వెళ్ళాను. వెళ్ళేసరికి గట్టు మీద మనుషులున్నారు. ఈవర్ పైమట్టి చెక్కేసి కోత మొదలుపెట్టాడు. పెగీ కింద నిలబడి పెళ్ళలు అందుకుంటోంది. వాళ్ళ వెనక ఫిన్లే తాత, కాలమ్ వాళ్ళమ్మ, ఇంకా అర డజను మంది.

"మిమ్మల్నెవరు పిలిచారు?" అన్నాను. మర్యాదగా లేదని తెలుసు, నోట్లోంచి అదే వచ్చింది.

"ఎవరూ పిలవలేదు," అన్నాడు ఈవర్ తలెత్తకుండా. "పిలుస్తారని చూస్తుంటే ఏళ్ళు గడిచిపోతున్నాయి. జరుగు, కాలి మీద పడుతుంది."

పెగీ చేతుల బురద లంగాకి తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "బల్ల దగ్గర రొట్టె నోట్లో పెట్టుకున్నానే డోలీనా, అది గొంతు దిగలేదు. నీ మొహమే అడ్డం పడింది. బావి దగ్గర నిన్ను చూసినప్పుడల్లా చెప్పాలనే అనుకున్నాను, సిగ్గేసి తల తిప్పుకున్నాను. హద్దు దాటి కోసింది మేమే. ఈ పెద్దమనిషి, మా ఆయన, మొదటినుంచీ నాతో ఆ మాట అంటూనే ఉన్నాడు, నీకు చెప్పడానికే నోరు రాలేదు."

అప్పుడొచ్చాయి టోర్మోద్, చలికాలమంతా రాని కన్నీళ్ళు! మందిరంలో కాదు, ప్రసంగం విని కాదు, మోకాళ్ళ దాకా పీట్ బురదలో నిలబడి, పెగీని పట్టుకుని ఏడ్చేశాను. దేవుడు నా తలుపు దాటిపోలేదు. వెనక దారిన, కోతపార పట్టుకుని వచ్చాడు. ఎంత హాయిగా ఉందో నీకెలా చెప్పను! ఫిన్లే తాత మమ్మల్ని చూసి, "ఏడ్చింది చాలు, మట్టి ఇప్పటికే తడిగా ఉంది" అన్నాడు.

అందరికీ టీ పెట్టాను, ఓట్స్ రొట్టె, ఉప్పు చేప పెట్టాను. మళ్ళీ కోతకి దిగాక ఈవర్ తనకి తెలియకుండానే కూనిరాగం తీస్తున్నాడు. నీ పాటే! వాడి మీద నువ్వు కట్టిన పాట! పెగీ నా వైపు చూసి, "పని చేసేటప్పుడు ఎప్పుడూ అదే పాడతాడు. వద్దంటే వినడు" అంది.

సాయంత్రం గట్టు దిగి ఇంటికొస్తే టపా వచ్చి ఉంది. నాకొకటి, ఈవర్‌కొకటి. చూశావా, నీ క్షమాపణ వచ్చేసరికి మన పీట్ ఆరబెట్టి ఉంది. ఈవర్ మన వాకిట్లోనే నిలబడి చదివాడు. మడిచి జేబులో పెట్టుకుని, కళ్ళు తుడుచుకుని, అప్పుడు మళ్ళీ తీసి చివరి వాక్యం చూసి కేకేశాడు.

"మెలోడియన్ కాలుస్తాడా? వాడికేమన్నా పిచ్చా?"

వచ్చే బల్లారాధనకి నేను పెద్దల ముందు నిలబడబోతున్నాను. నీకేం సాక్ష్యం ఉందని అడిగితే పీట్ గట్టు గురించి చెప్తాను. వింటే విన్నారు. నువ్వు కూడా వచ్చి నా పక్కన నిలబడు, నాకు నవ్వు రాదు, ఒట్టు. నీకు పట్టిన చింతకి భయపడి నువ్వు, నాకు పట్టని చింతకి భయపడి నేను, ఎంత తెలివితక్కువ జంటమయ్యా మనం!

ఫిన్లే తాత నిన్ననే నీ పెట్టె తెచ్చిచ్చాడు. అటక మీద ఉన్నన్నాళ్ళూ దాన్ని ముట్టుకోనే లేదన్నాడు. పట్టీ మాత్రం కొత్తగా విప్పి కట్టినట్టుంది. నేనేం అడగలేదు.

ఇక ఈవర్ నీకు రాయమన్న మాట, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "బాణీ చాలా బాగుంది. మాటలే దరిద్రంగా ఉన్నాయి. దీవికొచ్చే ఓడలో ఖాళీగానే ఉంటాడుగా, కొత్త మాటలు కట్టుకుని రమ్మను."

కప్పు కారే ఇంట్లో, కళ్ళు తడిసి కూర్చున్న
నీ డోలీనా