బిందెలో చీటీలు

మాస్టారూ, నమస్కారం. మీరు కన్నుమూసి ఆర్నెల్లయింది. నాటకం మానలేదు... ఆ మాట ముందు చెబితే మీరు కుదుటపడతారని చెబుతున్నాను.

తెర పక్కన మీ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను, గంట పట్టుకుని. పొద్దున్నే కురిడీ కొబ్బరికాయల కొట్టులో సాధన మామూలే. సూరిబాబుకు మోకాళ్ళ నొప్పులు. అయినా ముసలి వేషం ఇస్తే అలుగుతాడు.

సఖినేటిపల్లిలో నా మొదటి ఆట గుర్తుందా? తొంభైల్లో సంగతి. జనం చీటీలు రాసి వేసిన బిందెలోంచి మీరొకటి తీసి చదివారు. గోదావరి దాటించే ఆఖరి పంటు తప్పిపోయిందని ఉంది. అంతే... రాత లేదు, కథ లేదు, అప్పటికప్పుడు ఆడాలి. నాకు ఒక్క మాటా రాలేదు. గంట మోగితే ఆట అయిపోయినట్టే కదా, కొడతారేమోనని మీ వైపు చూశాను. మీరు కొట్టలేదు. ఎంత తిట్టుకున్నానో! ఎదురుగా సూరిబాబు మొహం నిండా చెమటలు. కొంగుతో తుడిచాను. జనం గొల్లుమన్నారు. అలా పంటు నడిపేవాడి పెళ్ళాన్నైపోయి గంటసేపు ఆడాను.

"మాట దొరక్కపోతే కంగారుపడకమ్మాయ్. ఎదుటోళ్ళ మొహం చూడు, అక్కడుంటది" అనేవారు.

మరి మొన్న కొత్తపేటలో నేనేం చేశానో తెలుసా? భయపడ్డాను. టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన జనం ముందు, నా చేతిలో ఆట ఆగిపోతే? కథ రాసేసి, నెల్లాళ్ళు అందరిచేతా బట్టీ పట్టించాను. జనం వేసిన చీటీలు తెర వెనక సంచిలో పోసి, బిందెలో నేను రాసినవే వేశాను.

ఎవరూ తడబడలేదు. చప్పట్లూ బాగానే పడ్డాయి. ఒకరి మొహం ఒకరు మాత్రం చూసుకోలేదు మాస్టారూ... అవసరం లేకపోయింది. ఇదే ఆట మళ్ళీ ఎప్పుడు ఆడతారని ఒకావిడ అడిగింది. ఏ ఆటా రెండోసారి ఆడనివాళ్ళం, ఇన్నేళ్ళలో మనల్ని ఆ మాట ఎవరడిగారు? సిగ్గేసింది.

ఇంటికొచ్చి సంచి విప్పాను. అత్తాకోడళ్ళు, రొయ్యల చెరువు, దుబాయ్ నుంచి ఫోను... నాలుగు చీటీల్లో మాత్రం, నాలుగు రకాల చేతిరాతల్లో, ఒకటే ప్రశ్న. మాస్టారు ఏరండీ అని.

చాలాసేపు ఏడ్చాను. వాళ్ళు మీ గురించి అడిగితే నేను సంచిలో దాచేశాను.

రేపు రాజోలులో ఆట. బిందె అందరి ముందూ బోర్లించి చూపించి, జనంలోకి పంపుతాను. ఆ చీటీ మళ్ళీ వస్తే? ఎలా ఆడాలో తెలీదు... రాసి మాత్రం పెట్టుకోను. ఎవరికీ మాట దొరక్కపోయినా సరే, గంట కొట్టను మాస్టారూ.

తెర పక్క నుంచి,
మీ పద్మ