స్వరూప చెరిపేసిన జవాబు

జులై 1998, గురువారం

పొద్దున పదో తరగతికి బోర్డు మీద 3 < 5 − 2x ≤ 11 చేసి చూపించాను. x స్థానంలో ఏయే పూర్ణాంకాలు సరిపోతాయో కనుక్కోవాలి. మైనస్ రెండుతో భాగించినప్పుడు గుర్తులు తిప్పడం మరిచిపోయాను. రెండు హద్దులూ కలవలేదు. "జవాబు లేదు" అని రాసి, కింద గీత కూడా కొట్టాను.

స్వరూప లేచింది. "టీచర్, సున్న పెడితే అయిదస్తాంది గదా! మూడుకు, పదకొండుకు నడుమనే ఉన్నది."

"అంకెలు పెట్టి చూసుడు లెక్క గాదు. నీళ్లల్ల చేపలు దేవులాడుడనుకున్నవా? కూర్చో" అన్నాను.

వాళ్ల నాయిన శామీర్‌పేట చెరువులో చేపలు పడతాడని క్లాసందరికీ తెలుసు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది గుర్తొస్తేనే నా మీద నాకే రోత పుడుతోంది.

మధ్యాహ్నం అదే లెక్కతో స్లిప్ టెస్ట్ పెట్టాను. ఇంటికొచ్చి పేపర్లు దిద్దబోతూ, ఎందుకో ఒకసారి సున్న పెట్టి చూశాను. అయిదే వచ్చింది. తప్పు చేసింది నేను.

ఆ పిల్లకైనా పూర్తి మార్కులు వేద్దామని గబగబా తన పేపరు వెతికాను. "జవాబు లేదు" అని ఉంది. కింద అచ్చం నాలాగే గీత. ఆ అక్షరాల వెనక, రబ్బరుతో రుద్దినా పోని అంకెలు: −3, −2, −1, 0.

రేపు బోర్డు మీద లెక్క సరిచేస్తాను. తప్పు నాదేనని కూడా చెబుతాను. కానీ స్వరూప నా క్లాసులో మళ్లీ లేచి నిలబడుతుందా...