రేకు డబ్బానా, రాతి డబ్బానా

ఏప్రిల్ 12, గురువారం

కర్నూలు పోయి వచ్చాను. నేను చేసుకునే కంప్యూటర్‌కు మదర్‌బోర్డు, హార్డ్ డిస్కు అన్నీ చేరాయి. వాటిని పెట్టుకునే క్యాబినెట్ ఒక్కటే లేదు. నా స్నేహితుడు బాషా పనిచేసే కంప్యూటర్ షాపులో రెండు చూశాను. ఒకటి ముందర జల్లెడ మాదిరి బొక్కలు, నీలం లైటు. ఇంకోటి అంతా మూసేసి ఉంది. గాలాడాలంటే బొక్కలదే. కానీ మా ఇల్లు బండల ఫ్యాక్టరీ వెనకే... తెల్ల దుమ్ము అన్నంలో కూడా పడుతుంది. మూసింది తెస్తే ఈ ఎండకు లోపల ఉడికిపోతుంది.

ఓనరు "ఏం కావాలప్పా?" అన్నాడు. ఏమీ వద్దని తల ఊపి బయటికి వచ్చేశాను.

ఏప్రిల్ 13

బాషా మెసేజ్ — "నీలం లైటుదే తీసుకోరా." కాసేపటికి ఇంకోటి — "మూసిందే మేలేమో." వాడికీ తెలియదు.

ఏప్రిల్ 15

అన్నం తింటుంటే నాయన — "ఏందో డబ్బా కావాల్నంట? మీయమ్మ చెప్తాండాది."

నేను ఎనిమిదిలో బడి మానేసినప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. ఫ్యాక్టరీలో పక్కపక్కనే బండలు మోస్తాం, అంతే. చెప్పాను. ఎండ, దుమ్ము, అన్నీ. అంతసేపు మాట్లాడింది నేనేనా?

"రేకు డబ్బా యాలరా? కాగుతాది. బండతో నేను చేసిస్తా, నడెండలో గూడా సల్లగా ఉంటాది."

ఎగతాళేమో అని మొహం చూశాను. కాదు.

ఏప్రిల్ 17

నాయన పలచటి నల్ల బండలు ఏరి పక్కన పెట్టాడు. బోర్డు కొలత అడిగాడు.

ఏప్రిల్ 18

బాషాకి చెప్పాను. ముందు హహహ అని పంపాడు. తర్వాత — "రేకయితే కరెంటు లీకైనా ఎర్త్‌కు పోతాది. రాతికి యాడ పోతాదిరా? బోర్డు కాలితే మళ్ళా తెచ్చుకోలేవు."

కాలుతుందా అంటే, ఏమో అంటాడు. ఇంకెవరిని అడగాలి...

ఏప్రిల్ 19

నాయన నీళ్ళు పోస్తూ గాలికి బొక్కలు వేస్తున్నాడు. ఒక బండ పగిలింది. తిట్టలేదు. ఇంకోటి తెచ్చాడు.

పాలిష్ మిషన్ కాడి నుంచి మస్తాన్ మామ — "ఏమప్పా, ఎవరికి కడతాండావు గోరీ?"

అందరూ నవ్వారు. నాయన మాత్రం, "నా కొడుకు కంప్యూటర్ చేస్తాండాడు. దానికి ఇల్లు."

నేను బండల చాటుకు పోయాను.

ఏప్రిల్ 20

ఈరోజు నాయనకు వద్దని చెప్పేయాలి.

చెప్పలేదు.

ఏప్రిల్ 21, శనివారం

బాషా — "నీలం లైటుది ఒక్కటే మిగిలుండాది. ఎవరో అడుగుతాండారు. ఉంచాల్నా వద్దా? బిన్నా చెప్పు, లేటయితే ఓనరు ఇచ్చేస్తాడు."

'ఉంచు' అని కొట్టాను. పంపేలోపు నాయన పిలిచాడు. నాలుగు పక్కలూ నిలబెట్టి ఉన్నాయి. చేత్తో తుడిస్తే మొహం కనిపించేంత నునుపు.

"స్విచ్చికి బొక్క యాపక్క వెయ్యాల్నో నువ్వే చెప్పు. నాకేం తెలుసు."

నన్ను అడగడం... "కుడిపక్క" అన్నాను. ఎందుకన్నాను? నేను చెప్పాలనుకున్న మాట అది కాదు కదా. సుద్దతో గుర్తు పెట్టుకున్నాడు.

డ్రిల్లు మోత ఇంట్లోకి వినిపిస్తోంది. ఫోనులో 'ఉంచు' అట్లే ఉంది. పంపితే నాయనకు ఏమని... చెరిపేస్తే, బోర్డు కాలిపోతే...

బాషా మిస్డ్ కాల్ ఇస్తున్నాడు. మళ్ళీ.